నలభై రెండో ప్రశ్న

ఫారంలో నలభై ఒక్క ప్రశ్నలు.
మరాఠీలో పుట్టి, నా నోట్లో తెలుగై,
ముసలివాళ్ల చెవి చేరేసరికి మాడియా కావాలి.
దారిలో ఒకటో రెండో జారి
ప్రాణహితలో పడిపోయేవి.

సిరోంచ నుంచి బస్సు, ఆపైన పడవ,
ఆపైన ఇసుకలో అరగంట.
పదహారిళ్ల గూడెం.
నాకు చాప వేసి వాళ్లు నేల మీద కూర్చున్నారు.
ఆ చాప దిగడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఇరవై ఆరో ప్రశ్న:
పిల్లవాడు రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతాడు?

తలాండి ఎర్రుబాయి ఇంట్లో గ్లాసు లేదు.
సొరకాయ బుర్ర ఉంది,
నోటి దగ్గర పగిలితే తీగతో కుట్టింది.
ఎన్ని బుర్రలు, అని దిద్దుకున్నాను.

"ఎండకాలం ఒకటి.
బోరింగు వాగవతల గద బిడ్డా, రెండు బిందెలకంటె మొయ్యలేను.
తాగితె ఒడుస్తయని
వాడు దూప దాసుకుంటడు."

ఒకటి, అని రాశాను.
దాచుకున్న దూపకు ఫారంలో గడి లేదు.

వాడు కోటు, మనవడు, తొమ్మిదేళ్లు.
వానలో తడిస్తే కీళ్లు పట్టుకొని రాత్రంతా మూలుగుతాడు.
గాలి సోకిందన్నారు కొన్నాళ్లు,
వేల్పు కోడినడుగుతోందన్నారు,
బడి ఎగ్గొట్టే సాకన్నాడు మాస్టరు.
పెద్ద దవాఖానలో డాక్టరు చెప్పింది మూడే మాటలు:
నీళ్లు బాగా తాగించండి.
ఎందుకో చెప్పలేదు. ఎక్కణ్ణుంచో అసలే చెప్పలేదు.

బూడిదలో పుల్లతో గీసి చూపించాను.
నెత్తురులో గుండ్రంగా ఉండాల్సిన కణాలు
కొడవళ్లలా వంగి
సన్న సందుల్లో చిక్కుకుంటాయని.
చాలాసేపు చూసింది.
"అంటె, వాగుకు అడ్డంపడ్డ కట్టెలసొంటియి.
నీళ్లొస్తెనే కదులుతయి."

నా శిక్షణ ఆరు రోజులు. ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.
ఆ మాట ఫారం వెనక రాసుకున్నాను.
ఇప్పుడు తక్కిన గూడేల్లో అదే చెబుతున్నాను,
ఎర్రుబాయి అన్నదని ఆమె పేరుతోనే.

లేవబోతుంటే కొంగు పట్టి ఆపింది.
"పోయినేడు గూడ వచ్చిన్రు, తెల్ల జీపుల.
అందరి ఏళ్లు పొడిచి నెత్తురు తీస్కవోయిన్రు.
ఆ నెత్తురేం జెప్పింది?"

ఏం చెప్పను.
ఏ ఊరి బీరువాలోనో పట్టికై,
ఏ పుస్తకంలోనో శాతమై,
గూడెం పేరైనా లేకుండా ఉండి ఉంటుంది.
ఆ రోజు మళ్లీ ఇసుకలో నడుస్తూ
బరువంతా ఆ ఖాళీ సంచిదే అనిపించింది.

రెండు నెలలు తిరిగి, అడిగి, కసురుకుని,
తెచ్చాను.
చేటలో చింతపిక్కలు పోశాం, ఇంటికొకటి.
జబ్బున్నచోట నల్లగా కాల్చినవి.
ఏది ఎవరిదో నేను చెప్పలేదు.
కార్డు బియ్యం కుండలో దాచుకునేవాళ్లుంటారు,
పిల్లల పెళ్లి మాటలు తప్పిపోతాయని.

చేట నిశ్శబ్దంగా తిరిగింది.
ఎర్రుబాయి ఒక నల్ల పిక్క తీసి ఒళ్లో పెట్టుకుంది.
"ఇది మా కోటుది."
చాలాసేపటికి వెనక వరసలోంచి,
చంటిపిల్లకు పాలిస్తున్న సమ్మీ:
"ఇంకోటి మాది."

మర్నాడు కోటు బోరింగు దూరం కొలిచాడు.
వెయ్యిన్నూట నలభై అడుగులు, ఆగిన చోట్లు ఏడు.
ఆ ఏడు కూడా అర్జీలో రాయించాడు.
పదహారు వేలిముద్రలు.
బోరింగు ఇంకా రాలేదు.
అర్జీ ఏ బల్ల మీద ఉందో మాత్రం
ఈసారి గూడేనికి తెలుసు.
నెలకొకరు వెళ్లి చూసొస్తున్నారు.

ఫారం చివర ఎర్రుబాయి ఒక ప్రశ్న రాయించింది.
నలభై రెండు: మళ్ల ఎప్పుడొచ్చి చెప్తరు?

దీనికి జవాబు రాయాల్సింది నేను.
తారీఖు వేసి సంతకం పెట్టబోయాను.
సంతకం చెల్లదంది.
నా బొటనవేలు పట్టుకుని
సిరా పూసింది.